ఇంటి చుట్టూ వంద అడుగులు: నిప్పు తెలిసినోళ్లను నేరస్తుల్ని చేసిన చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

ఎండాకాలం వస్తే చాలు, పేపర్లో ఒక వార్త ఖాయంగా ఉంటుంది. ఫలానా కొండ తగలబడింది, పోడు కోసమో ఇప్పపువ్వు కోసమో గిరిజనులే నిప్పు పెట్టారు, వాళ్లకు అవగాహన కల్పించాలి అని. ఇందులో నిజం ఎంత, అబద్ధం ఎంత అని తేల్చుకోవాలంటే కొంచెం దూరం వెళ్లి చూడాలి. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం అమెరికాలోని కరూక్ అనే ఆదివాసీ జాతి గురించి. కొండల్లో, అడవి మధ్యలో ఇల్లు కట్టుకున్నవాళ్లు మంట నుంచి ఇంటిని ఎలా కాపాడుకోవాలి అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర వేల ఏళ్ల జవాబు ఉంది. ఆ జవాబును ప్రభుత్వం నేరం కింద రాసింది. ఇప్పుడు అదే ప్రభుత్వం వాళ్లతో కూర్చుని ఒప్పందం మీద సంతకం పెట్టింది. మధ్యలో జరిగిన కథలో మన మద్రాసు అటవీ చట్టం కూడా వస్తుంది.

క్లమత్ నది కొండలు

కాలిఫోర్నియా రాష్ట్రం ఉత్తర కొసన క్లమత్ అనే నది ఉంది. నిటారు కొండల మధ్య నుంచి దిగి పసిఫిక్ సముద్రంలో కలుస్తుంది. నది నడుమ భాగం కరూక్‌ల తావు. దిగువన యూరోక్‌లు, పక్కన ట్రినిటీ నది లోయలో హూపాలు. సాల్మన్ చేప, ఓక్ కాయల పిండి, జింక మాంసం వాళ్ల ముఖ్యమైన తిండి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి. వేసవి అంతా ఎండుడే. పైగా పిడుగులు. అంటే ఆ అడవికి మంట రావడం ఖాయం. ఎప్పుడు వస్తుంది, ఎంత పెద్దది వస్తుంది అన్నదొక్కటే తెలియదు.

పైగా వాళ్ల ఇళ్లు చెక్క పలకలతో కట్టినవి. చుట్టూ అడవి, మధ్యలో చెక్క ఇల్లు. ఇప్పటి ఫైర్ ఇంజనీర్‌కి చూపిస్తే తల పట్టుకుంటాడు. కానీ వాళ్లు అక్కడే తరతరాలుగా బతికారు. ఎలాగంటే, పెద్ద మంట వచ్చేలోపే చిన్న మంటలు వాళ్లే పెట్టేవాళ్లు. సమయం చూసి, గాలి చూసి, నేలలో తడి చూసి, ఊరి చుట్టుపక్కల ఎండుటాకు, తుప్ప, గడ్డి తగలబెట్టేవాళ్లు. నేల మీద మోకాలెత్తు మంట నిదానంగా పాకి ఆరిపోయేది. పెద్ద చెట్లకు ఏమీ కాదు. తర్వాత వేసవిలో పిడుగు మంట వచ్చినా ఊరి దగ్గరికి వచ్చేసరికి దానికి తినడానికి ఏమీ మిగిలేది కాదు.

ఒక్క భద్రత కోసమే కాదు. మంట పడిన హేజెల్ పొదలకు మళ్లీ నిటారుగా, కొమ్మలు లేని సన్నని చువ్వలు వస్తాయి. బుట్టలు అల్లడానికి అవే కావాలి. ఓక్ చెట్ల కింద రాలిన పురుగు కాయలు కాలిపోతే మరుసటి ఏడు కాయకు పురుగు తగ్గుతుంది. కాలిన చోట లేత గడ్డి మొలిస్తే జింకలు వస్తాయి. కూడు, గూడు, బుట్ట మూడూ ఒకే నిప్పుతో ముడిపడి ఉండేవి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కాల్చాలి అన్నదానికి కుటుంబాల కట్టుబాట్లు ఉండేవి. దీన్ని బాధ్యత లేని పని అని ఎవరంటారు?

కాగితం మీద నేరం

అన్నారు. మొదట స్పెయిన్ వాళ్లు అన్నారు. కాలిఫోర్నియా అప్పుడు వాళ్ల ఏలుబడిలో ఉంది. 1793లో గవర్నర్ అరియాగా ఆదివాసీలు గడ్డి నేలలు కాల్చడాన్ని నిషేధిస్తూ ప్రకటన ఇచ్చాడు. తర్వాత అమెరికా వచ్చింది. 1850లో కాలిఫోర్నియా శాసనసభ ఒక చట్టం చేసింది. పేరేమో ఇండియన్ల పాలన, రక్షణ చట్టం. లోపల ఉన్నదేమో ఆదివాసీ పిల్లల్ని, పెద్దల్ని తెల్లవాళ్ల దగ్గర వెట్టికి పెట్టుకునే వీలు. అదే చట్టంలో గడ్డి నేలకు నిప్పు పెట్టినవాళ్లకు, మంట ఆర్పడానికి రానివాళ్లకు శిక్ష కూడా రాశారు. అంటే నిప్పు వాడే హక్కు తీసేసి, నిప్పు ఆర్పే చాకిరీ మాత్రం నెత్తిన పెట్టారు.

1851–52లో అమెరికా ప్రభుత్వ ప్రతినిధులు కాలిఫోర్నియా జాతులతో 18 ఒప్పందాలు రాసుకున్నారు. క్లమత్ జాతులవీ అందులో ఉన్నాయి. 1852లో సెనేట్ వాటిలో ఒక్కదాన్ని కూడా ఆమోదించలేదు. కరూక్‌ల భూమి 10 లక్షల ఎకరాలకు పైగా ఉంటుంది. 1905లో క్లమత్ అటవీ రిజర్వు ఏర్పడింది. ఈ రోజుకీ ఆ భూమిలో ఎక్కువ భాగం అమెరికా అటవీశాఖ చేతిలోనే ఉంది. తాతల నాటి పొదను కాల్చాలంటే ఇంకొకడి అనుమతి కావాలి.

1910 ఆగస్టులో ఐడహో, మోంటానా రాష్ట్రాల్లో రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. 80 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మంట ఆర్పడానికి వెళ్లినవాళ్లే. అప్పటికి అటవీశాఖ వయసు ఐదేళ్లు. ఆ భయంతో శాఖ ఒక్కటే పాఠం నేర్చుకుంది: ఏ మంటయినా శత్రువే. ఆ రోజుల్లోనే కొందరు కాలిఫోర్నియా రైతులు, కలప యజమానులు, చిన్న మంటలు పెడితే పెద్ద మంట రాదు కదా, ఆదివాసీలు చేసేది అదే కదా అని వాదించారు. 1920లో అటవీశాఖ అధిపతి అయిన విలియం గ్రీలీ అదే ఏడాది వ్యాసం రాసి ఆ పద్ధతిని "పైయూట్ అడవి శాస్త్రం" అని ఎగతాళి చేశాడు. పైయూట్ ఒక ఆదివాసీ జాతి పేరు. ఒక జాతి పేరునే తిట్టుగా వాడటం మనకు కొత్త కాదు.

కింది స్థాయిలో ఇంకా ఘోరం. 1918లో కరూక్ ప్రాంతంలోని ఓర్లీన్స్ రేంజర్ తన పై అధికారికి రాసిన ఉత్తరం రికార్డుల్లో ఉంది. నిప్పు పెట్టేవాళ్లను మానిపించాలంటే దొరికినప్పుడు తుపాకీతో కాల్చడమే మార్గం అన్న ఆలోచన ఆ ఉత్తరంలో ఉంది. దానికి రెండేళ్ల ముందు, 1916లో, క్లమత్ రివర్ జాక్ అనే ఆదివాసీ పెద్ద రాష్ట్ర అధికారులకు ఉత్తరం రాయించాడు. పాత ఆకులు, పాత బెరడు, రాలిన కాయలు కాల్చకపోతే పురుగు ఏటేటా పెరుగుతుందని ఓపికగా వివరించాడు. రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరికి అవగాహన కల్పించాల్సి ఉండిందో అర్థమవుతుంది.

1935లో అటవీశాఖ కొత్త రూలు పెట్టింది. ఎక్కడ మంట కనబడినా మర్నాడు ఉదయం 10 గంటల్లోపు అదుపులోకి రావాలి. ఈ రూలు 1978 దాకా నడిచింది.

మద్రాసు చట్టానికి ఉన్న చుట్టరికం

ఇక్కడ మన కథ కలుస్తుంది. అమెరికా అటవీశాఖ మొదటి అధిపతి గిఫర్డ్ పించో. 1889లో యూరప్‌కి చదువుకోవడానికి వెళ్లినప్పుడు అతనికి దారి చూపించిన గురువు డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్. ఈ బ్రాండిస్ ఎవరంటే, 1864 నుంచి బ్రిటిష్ ఇండియా అటవీశాఖకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. మన దేశంలో రిజర్వు అడవి అనే పద్ధతి వేళ్లూనుకున్నది అతని కాలంలోనే. 1865లో ఒక అటవీ చట్టం, 1878లో ఇంకా గట్టి చట్టం, మద్రాసు ప్రెసిడెన్సీకి విడిగా 1882లో మద్రాసు అటవీ చట్టం. వీటన్నిటిలో రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. 1927 భారత అటవీ చట్టం 79వ సెక్షన్ చూడండి. అడవిలో హక్కులున్నవాళ్లు మంట గురించి సమాచారం ఇవ్వాలి, ఆర్పడానికి సాయపడాలి అని ఉంటుంది. కాలిఫోర్నియా 1850 చట్టంలో చదివిన మాటే కదా ఇది.

అడవి అంటే కలప లెక్క, మంట అంటే నష్టం లెక్క. ఈ చూపుకు అక్కడా ఇక్కడా మూలం ఒక్కటే. మన గోదావరి, విశాఖ కొండల్లో పోడు మీద ఆంక్షలు, అటవీ సిబ్బంది జులుం 1922–24 అల్లూరి పోరాటానికి దారితీసిన కారణాల్లో ఉన్నాయని మనందరికీ తెలుసు. విచిత్రం ఏంటంటే, మన దేశంలోని బ్రిటిష్ అధికారుల్లోనే కొందరికి తర్వాత అనుమానం వచ్చింది. మంట పూర్తిగా ఆపిన చోట టేకు, సాల్ మొలకలు రావడం లేదని గమనించారు. 1920ల నాటికి కొన్ని చోట్ల సీజను మొదట్లోనే చిన్న మంట పెట్టే పద్ధతిని శాఖే మొదలుపెట్టింది. శాఖ పెడితే అది శాస్త్రం అయింది, మనోళ్లు పెడితే కేసు అయింది.

వందేళ్ల ఎండుటాకు

మళ్లీ క్లమత్‌కి వద్దాం. వందేళ్లు మంట ఆపేస్తే ఏమవుతుంది? అడవి దట్టంగా, పచ్చగా కనబడుతుంది. కింద మాత్రం ఎండుటాకు, విరిగిన కొమ్మ, తుప్ప పేరుకుంటూనే ఉంటుంది. 2022లో శాస్త్రవేత్తలు, క్లమత్ ఆదివాసీలు కలిసి చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. చెరువు అడుగు బురదలోని పుప్పొడి, చెట్ల కాండంలో మంట మిగిల్చిన మచ్చలు, పెద్దల నోటి చరిత్ర మూడూ కలిపి చూశారు. ఆదివాసీలు నిప్పు వాడిన కాలంతో పోలిస్తే ఈనాటి అడవి బరువు సుమారు రెండింతలు ఉందని తేలింది. ఆ పెరిగిన బరువంతా మంటకు మేత.

2020 సెప్టెంబరు 8న స్లేటర్ మంట వచ్చింది. ఈదురు గాలికి గంటల్లో కొండలు దాటి హ్యాపీ క్యాంప్ మీద పడింది. కరూక్ జాతి ప్రభుత్వ కార్యాలయాలు ఉన్న ఊరు అది. 150కి పైగా ఇళ్లు బూడిదయ్యాయి, ఇద్దరు చనిపోయారు. నిప్పును అందరికంటే బాగా తెలిసినవాళ్ల ఊరే కాలిపోయింది. ఎందుకంటే ఊరి చుట్టూ ఉన్న అడవి మీద వాళ్లకు చేయి లేదు.

ఇల్లు ఎందుకు అంటుకుంటుంది?

ఇది ఇంటి సంగతి కాబట్టి శ్రద్ధగా చదవండి. జాక్ కోహెన్ అనే ఆయన అమెరికా అటవీశాఖలో పరిశోధకుడిగా పనిచేశాడు. అడవి మంటలో ఇళ్లు ఎందుకు కాలతాయని ఏళ్ల తరబడి చూశాడు. 1990ల చివర్లో కెనడా ఉత్తర అడవిలో ఒక ప్రయోగం చేశారు. చెట్ల కొనల దాకా లేచే భారీ మంటలు కావాలని పెట్టి, వాటి ముందు చెక్క గోడలు నిలబెట్టారు. 10 మీటర్ల దూరంలోని గోడలు కొన్నిసార్లు అంటుకున్నాయి. 20, 30 మీటర్ల దూరంలోనివి అంటుకోలేదు. ఎంత పెద్ద మంటయినా ఒక చోట భగ్గుమని మండేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపట్లో అంత దూరంలోని చెక్క అంటుకునేంత వేడెక్కదు.

మరి ఇళ్లు ఎలా కాలుతున్నాయి? నిప్పు రవ్వల వల్ల. గాలికి లేచిన రవ్వలు మంట కంటే ముందే, కిలోమీటరు దూరం నుంచి కూడా వచ్చి పడతాయి. కప్పు మీద ఎండుటాకు ఉంటే అక్కడ రాజుకుంటుంది. చూరు కింద కట్టెల దొంతర ఉంటే అక్కడ. గోడకు ఆనించిన గడ్డి, గోనెసంచులు, పాత తడికె ఉంటే అక్కడ. కాలిపోయిన ఊళ్లలో చాలాచోట్ల ఇల్లు బూడిదై, పక్కనే చెట్లు పచ్చగా నిలబడి ఉండటం కోహెన్ చూశాడు. అంటే అడవి ఇంటిని కాల్చలేదు. ఇంటి దగ్గరున్న చెత్త కాల్చింది.

అందుకే కాలిఫోర్నియాలో ఒకప్పుడు ఇంటి చుట్టూ 30 అడుగులు శుభ్రం చేయాలన్న చట్టాన్ని 2005 నుంచి 100 అడుగులకు పెంచారు. 2020లో ఇంకో చట్టం చేసి, గోడ నుంచి మొదటి 5 అడుగుల్లో మండేది ఏదీ ఉండకూడదన్నారు. తర్వాత 30 అడుగుల దాకా ఎండు గడ్డి, రాలుటాకు తీసేయాలి, కప్పు మీదికి వంగిన కొమ్మలు కొట్టేయాలి. 100 అడుగుల దాకా తుప్పలు పలచన చేయాలి, కింది కొమ్మలు నరకాలి, మంట నేల నుంచి చెట్టు పైకి ఎక్కకుండా చూడాలి. ఇల్లు వాలు మీద ఉంటే పల్లం వైపు ఇంకా ఎక్కువ జాగ్రత్త. మంట ఎగువకు పరిగెత్తుతుంది, కింది మంట పైనున్న ఆకును ముందే ఎండబెడుతుంది.

ఇదంతా చదువుతుంటే మీకు ఏం గుర్తొస్తుంది? పొద్దున్నే వాకిలి ఊడ్చి, పేడతో అలికే మన అమ్మలు, నానమ్మలు. గోడ చుట్టూ గట్టి మట్టి నేల, ఒక్క ఆకు లేకుండా. మొదటి 5 అడుగుల చట్టం మనింట్లో ఎప్పటినుంచో అమల్లో ఉంది. దానికి సెక్షన్ నంబరు లేదు, అంతే.

సంతకం పెట్టిన రోజు

కరూక్‌లు ఊరుకోలేదు. 2014 నుంచి ఓర్లీన్స్ పరిసరాల్లో ఏటా శిక్షణ మంటలు మొదలుపెట్టారు. ఆదివాసీలు, అటవీశాఖవాళ్లు, పక్కనున్న తెల్ల రైతులు కలిసి పనిచేశారు. మొదట ఎక్కడ కాల్చారో గమనించండి: ఇళ్ల చుట్టూ. ఇళ్లు భద్రమైతేనే దూరంగా ఉన్న అడవిలో మంటను దాని మానాన వదలగలం అన్నది వాళ్ల లెక్క. 2021లో కాలిఫోర్నియా చట్టం మార్చి, జాగ్రత్తలు తీసుకుని సంప్రదాయ మంట పెట్టినవాళ్లను ఆర్పుడు ఖర్చుల భారం నుంచి తప్పించింది. 2024లో ఇంకో చట్టం, ఆదివాసీ జాతులతో ప్రభుత్వం నేరుగా ఒప్పందం చేసుకోవచ్చని. 2025 ఫిబ్రవరిలో ఆ చట్టం కింద మొదటి ఒప్పందం కరూక్‌లతోనే జరిగింది. తమ మంటల అనుమతి ఇప్పుడు జాతి తన చేతిలోకి తెచ్చుకుంటోంది. 1850 నుంచి లెక్కేస్తే 175 ఏళ్లు పట్టింది.

మరి మన సంగతి?

ఈ కథ చదివి ఎవరూ అగ్గిపెట్టె పట్టుకుని కొండెక్కకండి. ముందు ఆ మాట చెప్పాలి. వందేళ్ల ఎండుటాకు మీద తొందరపడి పెట్టే నిప్పు తాతల నాటి నిప్పు కాదు. కరూక్‌లు కూడా గాలి, తేమ కొలిచి, మనుషుల్ని చుట్టూ నిలబెట్టి, నీళ్లు పెట్టుకుని కాలుస్తారు. మన చట్టంలో రిజర్వు అడవిలో నిప్పు ఇంకా నేరమే. కేసు పడేది మన పిల్లల మీదే.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు కింద పువ్వు ఏరడానికి ఆకు కాల్చి, పూర్తిగా ఆర్పకుండా వెళ్లిపోతే అది కొండంతా పాకుతుంది. తునికాకు కొత్త చిగురు కోసం పెట్టే మంటలూ ఉన్నాయి, దాని వెనక ఆకు వ్యాపారం తొందర ఉంది. అవి నడి ఎండాకాలపు మంటలు. పెద్దలు ఎంచుకున్న సమయపు మంటలు కావు. చెట్టు కింద వలో, పాత చీరో పరిస్తే పువ్వు శుభ్రంగా వస్తుంది, మంట అవసరమే ఉండదు. అన్ని మంటలూ మనవి కావు, అలాగని ఏ మంటా మనది కాదు అనలేం.

పక్క రాష్ట్రంలో కూడా ఇలాంటి కథ ఉంది. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లోని సోలిగలు ఎండాకాలం మొదట్లోనే రాలుటాకు కాల్చేవాళ్లు, దాన్ని "తరగు బెంకి" అంటారు. 1974లో అక్కడ అభయారణ్యం వచ్చాక అది ఆగిపోయింది. ఆ మంట ఆగాకే అడవంతా లాంటానా తుప్ప కమ్మేసిందని సోలిగ పెద్దలు చెబుతారు. 2011లో అటవీ హక్కుల చట్టం కింద వాళ్లు సామూహిక హక్కు పత్రాలు సాధించుకున్నారు. మనకూ ఆ చట్టమే ఉంది. 2006 చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామ సభకు ఇస్తుంది. నిర్వహణ ప్రణాళిక రాసుకునే కమిటీ కూడా గ్రామ సభే వేసుకోవాలి. మంట గురించి ఆ ప్రణాళికలో ఏం రాయాలో మనమే నిర్ణయించుకోవచ్చు: ఏ గట్టు మీద ఆకు ఊడ్చి ఖాళీ బాట తీయాలి, ఎవరు కాపలా, ఏ నెలలో.

అది రాయాలంటే ముందు తెలియాలి. ఇళ్ల చుట్టూ ఎంత మేర నరికేవాళ్లు, గడ్డివాము ఎక్కడ పెట్టేవాళ్లు, పోడు కాల్చేముందు అంచు ఎంత వెడల్పు ఊడ్చేవాళ్లు, ఏ గాలి వీస్తే వద్దనేవాళ్లు. క్లమత్ కొండల్లో పెద్దల నోటి మాటను చెరువు బురదతో, చెట్ల మచ్చలతో సరిపోల్చి శాస్త్రం చేశారు. మన దగ్గర ఆ నోటి మాట ఇంకా సజీవంగా ఉంది, కానీ చెప్పేవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో పెద్దోళ్లను ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. మన భాషలో వాళ్లు వాడే మాటలతోనే రాసి ఇక్కడ పెట్టండి. కోయ, కొండరెడ్డి, సవర, గోండు, ఎవరిది వాళ్లు.

ఈలోగా ఊరెళ్లిన రోజే చేయగలిగింది ఒకటుంది. కప్పు మీద ఆకు దులపండి, చూరు కింద కట్టెలు తీసి దూరంగా పేర్చండి, గడ్డివాము ఇంటికి ఆనుకుని ఉంటే జరపండి, పల్లం వైపు తుప్ప కొట్టండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జోహార్.